అవటుగ్రంథి – అంకెల చిక్కు

అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతము వానలు తక్కువగా కురియు మెట్టభూమి. ఎఱ్ఱనేలలు, వేరుసెనగ చేలు, అక్కడక్కడ ఱాతిగుట్టలు తప్ప వేసవిలో కంటికి పచ్చదనము అరుదుగా కానవచ్చును. అయినను తొలకరి చినుకులు పడగానే ఇచ్చటి పొలములకు జనులు గుంపులు గుంపులుగా వచ్చుదురు. వాననీటికి పైమన్ను కొట్టుకొనిపోగా లోపలి ఱాళ్లు బయటపడును. వానిలో ఎచ్చటనో ఒక వజ్రము దొరకకపోదా యని వారి యాశ. ఈ యాశ నిరాధారమైనది కాదు. భూగర్భమున మిగుల లోతునుండి వజ్రములను పైకి మోసికొని వచ్చు కింబర్లైటు శిలలు ఈ ప్రాంతమున నున్నట్లు భూగర్భ శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు.

అయితే మెఱయు ప్రతి ఱాయియు వజ్రము కాదు. వాననీటిలో తడిసిన పలుగుఱాయి ఎండ తగిలినప్పుడు తళతళలాడును. సానపట్టని వజ్రమో, ఒక్కొక్కప్పుడు మసకబాఱి సామాన్యపు ఱాయివలె కనబడును. కావున అనుభవము గల వ్యాపారి తళుకును మాత్రమే చూచి వెల కట్టడు. ఱాతి కాఠిన్యము, బరువు, ఆకారము అన్నింటిని పరిశీలించును. ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పరాదన్న యీ వివేకము ఱాళ్ల విషయమునకే కాక మనుష్యుని యారోగ్య విషయమునకు గూడ వర్తించును. నేడు పల్లెవాసులు సైతము చేయించుకొనుచున్న థైరాయిడ్ రక్తపరీక్ష ఇందుకు తగిన ఉదాహరణము.

కంఠమునకు ముందుభాగమున, వాయునాళమును ఆనుకొని, ఱెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారమున ఒక చిన్న గ్రంథి కలదు. దీనినే అవటుగ్రంథి లేక థైరాయిడ్ గ్రంథి యందురు. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు మాత్రమే. ఇది నాళములు లేని గ్రంథి. తన స్రావమును తిన్నగా రక్తములోనికే విడుచును. ఇట్టి స్రావములకు హార్మోనులని పేరు. ఈ గ్రంథి ఆహారమునుండి లభించు అయొడిన్‌ను గ్రహించి ముఖ్యముగా రెండు హార్మోనులను తయారుచేయును. అణువునకు నాలుగు అయొడిన్ పరమాణువులు గలది థైరాక్సిన్. దీనినే టి4 అందురు. మూడు పరమాణువులు గలది టి3. గుండె కొట్టుకొను వేగము, ఒంటి వేడిమి, ప్రేగుల కదలిక, పిల్లల యెదుగుదల, మెదడు వికాసము – ఇవన్నియు ఈ హార్మోనులపై ఆధారపడియున్నవి.

ఈ గ్రంథి తన యిష్టము వచ్చినట్లు పనిచేయదు. మెదడు క్రిందిభాగమున నున్న పీయూషగ్రంథి దీనిని అదుపులో నుంచును. చెరువుక్రింది పొలములకు నీరు చాలినదో లేదో చూచి తూము ఎత్తుటకును, దించుటకును పూర్వము గ్రామములలో నీరుగంటి యుండెడివాడు. పీయూషగ్రంథి చేయు పని యట్టిదే. రక్తములో థైరాయిడ్ హార్మోను తగ్గినచో అది టి.ఎస్.హెచ్. అను మఱియొక హార్మోనును అధికముగా పంపి, ఇంకను పనిచేయుమని థైరాయిడ్ గ్రంథిని ప్రేరేపించును. హార్మోను ఎక్కువైనచో టి.ఎస్.హెచ్.ను తగ్గించును. కావున టి.ఎస్.హెచ్. పెరిగినదనగా సాధారణముగా థైరాయిడ్ హార్మోను తగ్గినదని యర్థము. అంకె పెద్దదైనంత మాత్రమున హార్మోను అధికమైనదని భ్రమపడుట పరీక్షాపత్రము చదువువారికి ఎదురగు మొదటి చిక్కు.

థైరాయిడ్ హార్మోను చాలని మనిషి త్వరగా అలసిపోవును. చలికి ఓర్వలేడు. శరీరము బరువెక్కును; చర్మము ఎండిపోవును; మలబద్ధము కలుగును; మాట బొంగురుపోవును; ఆలోచన మందగించును. అయితే ఈ లక్షణములలో పెక్కు ఇతర కారణములచేత గూడ కలుగవచ్చును. రక్తహీనతచే బాధపడుచు, ఎండలో నాలుగు పాళ్లు కలుపు తీసి వచ్చిన కూలి స్త్రీకి అలసట కలుగుటలో వింత యేమున్నది? లక్షణములను మాత్రమే నమ్మినచో లేని వ్యాధి ఉన్నట్లు తోచవచ్చును. ఉన్న వ్యాధి కనబడకపోవచ్చును. ఇందువలననే రక్తపరీక్ష అవసరమైనది.

ఈ పరీక్షలు పుట్టకమునుపే చికిత్స పుట్టినది. 1891వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరమున జార్జి మర్రే అను యువవైద్యుడు మిక్సిడిమా యను వ్యాధితో ముఖము, చేతులు ఉబ్బి, మాట తడబడుచున్న యొక స్త్రీకి గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించెను. కొన్ని నెలలలో ఆమె పూర్వపు రూపమును, చుఱుకుదనమును తిరిగి పొందినది. పిమ్మట ఆ మందును నోటిద్వారా తీసికొనుచు మఱి 28 సంవత్సరములు జీవించినది. 1914వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన అమెరికాలోని మేయో క్లినిక్కునందు ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికరూపమున వేఱుచేసెను. 1926లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణమును నిర్ణయించి, మఱుసటి యేట జార్జి బార్జర్‌తో కలిసి దానిని కృత్రిమముగా తయారుచేసెను. నేడు లెవోథైరాక్సిన్ అను పేర దొరకు చిన్న మాత్రలో నుండునది ఈ థైరాక్సినే.

ఆ కాలపు వైద్యులు రోగి నాడిని, చర్మమును, మాటతీరును గమనించి మోతాదు నిర్ణయించెడివారు. రక్తములోని అతిస్వల్పమైన హార్మోనును కొలుచు సాధనము వారికి లేకుండెను. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1950వ దశాబ్దమున రేడియోధార్మిక పదార్థముల సహాయముతో అట్టి కొలతకు మార్గము కనుగొనిరి. ఇందులకు యాలో 1977లో నోబెల్ బహుమానము పొందెను. టి.ఎస్.హెచ్. కొలత గూడ ఈ మార్గముననే సాధ్యమైనది. అప్పటినుండి వైద్యుని చేతికి కన్ను వంటి సాధనము దొరకినది. కాని కన్ను చూచినదెల్ల సత్యము కాదు. చూచినదానిని బుద్ధి విచారింపవలయును.

విచారణలో మొదటి ప్రశ్న వ్యాధికి కారణ మేమనునది. ఒకప్పుడు హిమాలయ ప్రాంతములలో గ్రామములకు గ్రామములే గాయిటర్ అను గొంతువాపుతో బాధపడుచుండెను. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వులిమిరి రామలింగస్వామి తన సహచరులతో 1956 మొదలు కాంగ్రా లోయలో పరిశోధన సాగించెను. ఒక భాగమున సామాన్యపు ఉప్పును, ఇతర భాగములలో అయొడిన్ కలిపిన ఉప్పును పంచి చూడగా అయొడిన్ ఉప్పు వాడినచోట గొంతువాపు బాగుగా తగ్గినది. 1962లో భారత ప్రభుత్వము గాయిటర్ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. లక్షలాది జనులకు మాత్ర కాదు, చిటికెడు మంచి ఉప్పే మందైనది. అయొడినుప్పు చాలినంత దొరకుచున్న చోట్ల థైరాయిడ్ లోపమునకు ముఖ్య కారణము వేఱు. శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరపడి థైరాయిడ్ గ్రంథిని క్రమముగా నాశము చేయును. 1912లో దీనిని వర్ణించిన హషిమోటో అను జపాను వైద్యుని పేరనే ఈ వ్యాధి పిలువబడుచున్నది. ఇట్లు పాడైన గ్రంథికి ఉప్పు చాలదు. హార్మోనునే మాత్రగా ఇయ్యవలెను.

పరీక్షాఫలితము తేటగా నున్నప్పుడు చికిత్స నిర్ణయించుట కష్టము కాదు. పెక్కు పరీక్షాశాలలలో పెద్దవారి టి.ఎస్.హెచ్. లీటరునకు సుమారు 0.4 మొదలు 4 మిల్లీ యూనిట్ల వఱకు నుండుట సహజమని లెక్కింతురు. టి.ఎస్.హెచ్. చాల హెచ్చుగాను, టి4 తక్కువగాను ఉన్నచో గ్రంథి విఫలమైనదని తెలియును, లెవోథైరాక్సిన్ ఇయ్యవలెను. దీనికి విరుద్ధముగా టి.ఎస్.హెచ్. మిగుల తగ్గి, టి4 పెరిగినచో హార్మోను అధికమైనదని యూహింపవచ్చును. కాని అంకెలు ఒకదానితో నొకటి పొసగనప్పుడే వైద్యుని వివేకము పరీక్షకు వచ్చును.

అట్టి సందర్భములలో మిగుల సామాన్యమైనది టి.ఎస్.హెచ్. కొంచెము పెరిగి, టి4 సహజముగానే యుండుట. ఉదాహరణకు టి.ఎస్.హెచ్. 6 అని వచ్చినదనుకొందము. ఈ హార్మోను రాత్రివేళ హెచ్చుగాను, మధ్యాహ్నము తక్కువగాను ఉండును. వ్యాధినుండి కోలుకొనుచున్న వారిలో కొంతకాలము పెరుగును. వయస్సు పైబడిన కొలది స్వల్పముగా పెరుగుట కలదు. కావున తొందరపడక రెండు మూడు నెలల పిమ్మట మఱల పరీక్షించుట మంచిది. పెక్కుమందిలో అది తనంతట తానే సహజస్థితికి వచ్చును. ఐరోపాలో 65 ఏండ్లు దాటిన 737 మందిపై జరిగి 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఇట్టివారికి లెవోథైరాక్సిన్ ఇచ్చినను, మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినను అలసట మున్నగు బాధలలో తేడా కనబడలేదు. అయితే టి.ఎస్.హెచ్. 10కి మించి నిలిచియున్నప్పుడును, స్త్రీ గర్భవతియైనప్పుడును విషయము వేఱు. మొదటి నెలలలో గర్భస్థశిశువు తల్లి హార్మోనుపైననే ఆధారపడును గనుక అప్పుడు వైద్యులు ఉపేక్షింపరు. ఒకే అంకె ఒక వృద్ధునికి ఓర్పును, ఒక గర్భిణికి చికిత్సను సూచింపగలదు.

రెండవ సందర్భము ఇంతకన్న ప్రమాదకరమైనది. టి4 తక్కువగా నున్నది, కాని టి.ఎస్.హెచ్. పెరుగలేదు. పత్రములో టి.ఎస్.హెచ్. ఒక్కటే చూచువారు అంతయు సరిగా నున్నదని పంపివేయుదురు. నిజమునకు తూము మూసికొని పొలము ఎండుచుండగా నీరుగంటియే నిద్రించుచున్నాడు. అనగా పీయూషగ్రంథియే దెబ్బతిన్నది. ప్రసవ సమయమున అధిక రక్తస్రావమైన కొందఱు స్త్రీలలో ఈ గ్రంథి క్షీణించును. 1937లో హెరాల్డ్ షీహన్ దీనిని సవిస్తరముగా వర్ణించెను. ఇట్టి తల్లులకు పాలు పడవు. ఋతుస్రావము తిరిగి రాదు. ఏండ్ల తరబడి నీరసము వెంటాడును. వీరిలో అడ్రినల్ గ్రంథికి సంబంధించిన హార్మోను గూడ తక్కువగా నుండవచ్చును. దానిని ముందుగా సరిచేయక థైరాయిడ్ మాత్ర నిచ్చినచో ప్రాణాపాయము కలుగును. రోగి గతచరిత్ర నడుగని వైద్యునికి ఈ సంగతి ఏ యంకెయు చెప్పజాలదు.

మూడవది పరీక్షయే మోసపోవుట. జుట్టు రాలకుండుటకును, గోళ్లు గట్టిపడుటకును కొందఱు బయోటిన్ అను విటమినును అధికముగా మ్రింగుదురు. కొన్ని పరీక్షా పద్ధతులలో బయోటినే ఉపకరణముగా వాడుదురు గనుక రక్తములోని అధిక బయోటిన్ అడ్డుపడి, టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటె తక్కువగాను, టి4 ఎక్కువగాను చూపింపవచ్చును. ఆరోగ్యవంతుడు సైతము రోగివలె కనబడును. అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిని గూర్చి హెచ్చరించెను. వైద్యుని సలహాపై కనీసము రెండు దినములు బయోటిన్ మాని మఱల పరీక్షించిన పెక్కుమారులు చిక్కు వీడును. అట్లే తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో నున్నవారికిని, బహుదినములు ఆహారము లేనివారికిని టి3 తగ్గును. అది శరీరము శక్తిని పొదుపు చేసికొనుటయే కాని థైరాయిడ్ వ్యాధి కాదు.

నాలుగవది మందు వాడకములోని పొరపాటు. వజ్రకరూరు వంటి గ్రామమున ఒక గర్భిణికి వైద్యుడు లెవోథైరాక్సిన్ వ్రాసె ననుకొందము. ఆమెకు రక్తవృద్ధికై ఇనుపధాతువు మాత్రలును, ఎముకల బలమునకై కాల్షియం మాత్రలును ఇయ్యబడినవి. మఱచిపోకుండుటకై ఆమె అన్నింటిని కలిపి ప్రొద్దుటి తేనీటితో మ్రింగును. ఇనుము, కాల్షియం థైరాక్సిన్‌ను ప్రేగులలోనే పట్టివేయును గనుక మందు రక్తమున చేరదు. పరీక్షలో టి.ఎస్.హెచ్. తగ్గదు. కారణ మడుగక మోతాదు పెంచినచో ఏమగును? కాన్పైన పిమ్మట ఇతర మాత్రలు మానివేయగానే పెద్ద మోతాదు పూర్తిగా రక్తమున చేరి గుండెదడ, వణుకు, నిద్రలేమి కలిగించును. ఇట్టి యధికమోతాదు ఏండ్ల తరబడి సాగినచో గుండె లయ తప్పును, ఎముకలు గుల్లబాఱును. ఆమెకు కావలసినది పెద్ద మాత్ర కాదు. మాత్రల వేళలను మార్చుట. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీటితో వేసికొని, అరగంట మొదలు గంట వఱకు ఏమియు తినక, త్రాగక యుండవలెను. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల యెడముండవలెను.

ఇంకొక చిత్రమైన ఫలితము గూడ కలదు. నెలల తరబడి మాత్రలు సరిగా వేసికొనక, పరీక్షకు ముందు కొన్ని దినములు మాత్రము శ్రద్ధగా వేసికొనువారి టి4 వెంటనే పెరుగును, టి.ఎస్.హెచ్. మాత్రము హెచ్చుగానే నిలిచియుండును. పీయూషగ్రంథి నాలుగు దినముల మంచితనమునకు మోసపోదు. మోతాదు మార్చిన పిమ్మట ఆఱు మొదలు ఎనిమిది వారముల వఱకు ఆగి పరీక్షింపవలెనను నియమమునకు కారణ మిదియే.

మందును ఎన్నుకొనుట యందును ఈ వివేకమే కావలయును. టి3 త్వరగా పనిచేయును గదా, దానినే ఏల ఇయ్యరాదని కొందఱు ప్రశ్నింతురు. టి3 రక్తమున సుమారు ఒక దినములో సగము తగ్గిపోవును. అందుచే దినమున నొకప్పుడు అధికముగాను, మఱియొకప్పుడు అల్పముగాను ఉండును. టి4 సగము తగ్గుటకు సుమారు ఏడు దినములు పట్టును. కావున దాని మట్టము నిలకడగా నుండును. అంతియ కాదు, శరీరము టి4 నుండి తనకు కావలసిన టి3ను తానే తయారు చేసికొనునని 1970లో నిరూపింపబడినది. జంతువుల గ్రంథిని ఎండబెట్టి చేసిన పాతకాలపు మందులో మనుష్యుని గ్రంథి విడుచు దానికంటె టి3 పాలు చాల ఎక్కువ. ఈ కారణములచేత సాధారణముగా లెవోథైరాక్సిన్ ఒక్కటే మొదటి మందుగా ఎన్నుకొనబడుచున్నది. అంకెలు సరియైన పిమ్మటను బాధలు తీరని కొద్దిమందికి రెండు హార్మోనులను కలిపి యిచ్చి చూచుట కలదు. కాని అట్లు కలుపుటవలన అందఱికిని మేలు కలుగునని పరిశోధనలలో తేలలేదు. కావున ముందుగా రక్తహీనత, విటమిను లోపము, నిద్రలేమి వంటి ఇతర కారణములను వెదకుట యుక్తము.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి ఓర్పే యెల్లప్పుడు మేలని తలంపరాదు. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేని లేక పనిచేయని శిశువు విషయమున కాలహరణము కీడు. అట్టి శిశువు పుట్టినప్పుడు చూచుటకు ఆరోగ్యముగానే యుండవచ్చును. కాని మొదటి వారములలో హార్మోను అందనిచో మెదడు వికాసము కుంటుపడును. పోయిన బుద్ధి పిమ్మట ఎంత మందిచ్చినను పూర్తిగా తిరిగి రాదు. రెండు వారముల లోపల చికిత్స ప్రారంభించినచో ఆ బిడ్డ తోడి పిల్లలవలెనే ఆడి, పాడి, చదువుకొనును. కావున పసిబిడ్డ పరీక్షలో స్పష్టమైన లోపము కనబడినచో వైద్యులు ముందు మందు ప్రారంభింతురు; లోపము శాశ్వతమో, తాత్కాలికమో సుమారు మూడేండ్ల ప్రాయమున తేల్చుకొందురు. ఆగుటవలన కలుగు నష్ట మెంత, తొందరవలన కలుగు నష్ట మెంత యని తూచి చూచుటయే వైద్యవివేకము.

నేటి గ్రామములలో పరీక్షాపత్రము తొలుత చేరునది పెక్కుమారులు బడి చదువు గల పిల్లల చేతికే. అవ్వయో, తల్లియో కాగితమును చాచి, ఇందేమి వ్రాసియున్నదని యడుగుదురు. నల్లని ముద్దయక్షరములలో నున్న అంకెను చూచి వారిని బెదరింపరాదు. మాత్రలు మాన్పింపను రాదు. ఇరుగుపొరుగు వారి మందును తెచ్చి యియ్యను రాదు. పాత పత్రములను తేదీల వరుసను ఒక సంచిలో భద్రపఱుపవచ్చును. మాత్ర ఏ వేళకు, దేనితో కలిపి వేసికొనుచున్నారో, ఇతర మందులేవి వాడుచున్నారో, గర్భము, కాన్పు, పెద్ద జబ్బు ఎప్పుడు కలిగినవో ఒక కాగితముపై వ్రాసి వైద్యునికి చూపవచ్చును. ఒక దినపు కూలి వదలుకొని, బస్సు వెచ్చము పెట్టుకొని పట్టణమునకు పోవు పేదవారికి ఈ చిన్న కాగితము మఱియొక ప్రయాణమును తప్పింపవచ్చును; ఒక్కొక్కప్పుడు జీవితాంతము అనవసరముగా వేసికొనవలసిన మాత్రను గూడ తప్పింపవచ్చును. అంకె రక్తమును గూర్చి చెప్పును. మనిషిని గూర్చి చెప్పవలసినవారు మనుష్యులే.